స్కేలు దెబ్బతో నేర్చుకున్నది ఎవరు?

పోయిన వేసవిలో ఫోన్‌కి స్క్రీన్ గార్డు వేయించుకుందామని పాలకొల్లు బస్టాండు దగ్గర ఒక మొబైల్ షాపులోకి వెళ్ళాను. కౌంటర్ వెనకున్నతను నన్ను చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు. "అక్కా, బాగున్నారా? నేను మీ ట్యూషన్ పిల్లాణ్ణి" అన్నాడు. ముప్పై దాటినట్టున్నాయి, కాస్త పొట్ట కూడా వచ్చింది. ఇంటిపేరు చెప్పాక గుర్తొచ్చాడు. బీఈడీ చదివే రోజుల్లో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు ట్యూషన్ చెప్పేదాన్ని. అప్పుడు ఇతను నాలుగో తరగతి.

డబ్బులు తీసుకోనన్నాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. షాపులో ఉన్న ఇద్దరికి నన్ను పరిచయం చేస్తూ, "ఈ అక్క కొట్టిన దెబ్బలే సార్ నన్ను మనిషిని చేశాయి" అన్నాడు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ఎక్కాలు అప్పజెప్పకపోతే చెక్క స్కేలుతో అరచేతి మీద వేసేదాన్ని. ఆ స్కేలు అంచున ఉండే ఇనప రేకు ఒక చివర ఊడి పైకి లేచి ఉండేదట. అటు తిప్పి కొడితే ఎక్కువ చురుక్కుమనేదట. పిల్లలంతా చెయ్యి చాపే ముందు స్కేలు ఎటు తిరిగి ఉందో చూసుకునేవారట. నాకు ఆ రేకు సంగతి అస్సలు గుర్తులేదు.

"అయితే ఎనిమిది ఏడులెంత?" అన్నాను సరదాగా.

"ఎనిమిది ఏడులు..." అని ఒక్క క్షణం ఆగి, గల్లాపెట్టె పక్కనున్న కాలిక్యులేటర్ వైపు చెయ్యి చాపాడు. అందరం గట్టిగా నవ్వాం. అతనే ఎక్కువ నవ్వాడు.

ఇంటికొచ్చే బస్సులో ఆ నవ్వు తగ్గిపోయింది. ఇరవయ్యేళ్ళు దాటాక కూడా స్కేలు రేకు ఏ చివర ఊడిందో గుర్తుంది, ఎనిమిదో ఎక్కం మాత్రం లేదు. కొట్టింది ఎక్కం కోసం, మిగిలింది స్కేలు.

ఏటా సెప్టెంబర్ 5న వాట్సాప్ గ్రూపుల నిండా ఇదే మాట తిరుగుతుంది. మా కాలంలో మాస్టారు కోదండం వేశారు, తొడపాశం పెట్టారు, చింతబరికె విరిగేదాకా బాదారు, అందుకే బాగుపడ్డాం, ఇప్పటి పిల్లలకి ఆ భాగ్యం లేదు. కింద వరసగా దండాలు పెట్టే బొమ్మలు. నా గొడవ ఈ మాటతోనే. బడిలో లెక్కలు చెప్పే టీచర్నే, పైగా స్కేలు పట్టినదాన్నే కాబట్టి ఈ గొడవ పడే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందనుకుంటున్నాను.

పావ్లోవ్‌కి కుక్క, థార్న్‌డైక్‌కి పిల్లి, స్కిన్నర్‌కి ఎలుక, కోహ్లర్‌కి చింపాంజీ. ఎలా నేర్చుకుంటామో జంతువుల మీద ప్రయోగాలు చేసి చూసిన శాస్త్రవేత్తలు వీళ్ళు. బీఈడీ చదివినవాళ్ళని అర్ధరాత్రి లేపి అడిగినా ఈ జతలు కలిపేస్తారు. శాస్త్రీయ నిబంధనం, కార్యసాధక నిబంధనం, యత్నదోష అభ్యసనం, పునర్బలనం (చేసిన పని మళ్ళీ చేసేలా బలపరచడం). ఈ మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. రుణాత్మక పునర్బలనానికీ శిక్షకీ తేడా ఏమిటని పరీక్షలో అడిగితే మార్కులు కూడా తెచ్చుకున్నాను. పగలు ఆ తేడా నోట్సులో రాసుకుని, సాయంత్రం అరుగు మీద స్కేలు పట్టుకునేదాన్ని. ఆ రెండింటికీ ఏదైనా సంబంధం ఉండొచ్చని ఒక్క రోజు కూడా తట్టలేదు. తట్టకపోవడంలో వింత లేదని ఇప్పుడు అనిపిస్తుంది. గైడులో బిట్టు చూడగానే సరైన జవాబు గుర్తుపడితే మార్కు వచ్చేది. కాబట్టి నేను గుర్తుపట్టడం నేర్చుకున్నాను. పిల్లల దగ్గర ఎలా మెలగాలో అందులో ఎవరూ అడగలేదు, దానికి మార్కూ లేదు.

ఆ గైడు బొమ్మలో గంట మోగుతుంటే చొంగ కారుస్తూ నిలబడ్డ కుక్క వెనక కథ చాలా బాగుంటుంది. పావ్లోవ్ మనస్తత్వ శాస్త్రవేత్త కాడు. జీర్ణక్రియ మీద పనిచేసిన రష్యన్ శరీరశాస్త్ర పరిశోధకుడు, 1904లో నోబెల్ వచ్చిందీ ఆ పనికే. కుక్కలకి ఎంత లాలాజలం ఊరుతుందో కొలుస్తుంటే ఒక తలనొప్పి వచ్చిపడింది. తిండి నోట్లో పడకముందే, తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే వాటికి నోరూరడం మొదలైంది. కొలతలన్నీ పాడైపోతున్నాయి. ఇంకొకరైతే విసుక్కుని ఆ చప్పుడు వినపడకుండా ఏదైనా ఏర్పాటు చేసుకునేవారు. ఆయన ఆ తలనొప్పినే పట్టుకుని మిగతా జీవితమంతా దాని మీద గడిపాడు. గంటలకంటే తాళం వేసే మెట్రోనోమ్ టిక్కుటిక్కులు, బజర్ల లాంటివి ఎక్కువ వాడాడు. బొమ్మ గీయడానికి గంట సులువు కాబట్టి మనకి గంటే మిగిలింది.

ఆ కుక్కకి ఎవరూ పాఠం చెప్పలేదు. నేర్చుకుందామని అదీ కూర్చోలేదు. ఏది దేనికి ముందు వస్తోందో దాని ఒళ్ళు లెక్క కట్టుకుంది, అంతే. మనుషుల ఒళ్ళూ ఆ పని చేస్తూనే ఉంటుంది, మన అనుమతి అడగదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా లెక్కల మాస్టారు లూనా మీద వచ్చేవారు. బడి సందు మలుపులో ఆ టకటక వినపడగానే నాకు కడుపులో తిప్పేది. నన్ను ఆయన కొట్టింది మహా అయితే మూడుసార్లు. మిగతా రోజుల్లో పక్కవాళ్ళని కొట్టడం చూశాను. డిగ్రీలో ఉన్నప్పుడు కూడా వీధిలో ఎవరిదైనా లూనా పోతుంటే అరచేతులు చెమటపట్టేవి. అప్పటికి ఆయన రిటైరై వెళ్ళిపోయి ఎన్నాళ్ళో అయింది. ఆయన చెప్పిన భిన్నాలు మళ్ళీ మొదటినుంచి వేరే దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది గానీ లూనా పాఠం మాత్రం ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

"అయినా నువ్వు లెక్కల టీచరువే అయ్యావు కదా, దెబ్బలు పనిచేసినట్టేగా" అంటారు మా ఆయన. ఇదే మాట వాట్సాప్‌లో ఇంకో రకంగా వస్తుంది. నేను లెక్కల వైపు వచ్చింది ఇంటర్‌లో ఒక మేడమ్ వల్ల. తప్పు చేస్తే "ఎక్కడ దారి తప్పావో చూద్దాం పద" అని మన పక్కనే కూర్చునేవారు ఆవిడ. అది ఒక జవాబు. ఇంకో జవాబు నా ఏడో తరగతి హాజరుపట్టీలో ఉంది. నాతోపాటు గోడకుర్చీ వేసినవాళ్ళలో పదో తరగతి దాకా రానివాళ్ళు చాలామంది. ఒకతను ఇటుకబట్టీలో పనికి వెళ్ళిపోయాడు, ఇద్దరాడపిల్లలు ఎనిమిదిలోనే మానేశారు. "మాస్టారు కొట్టబట్టే ఇలా అయ్యాం" అని వాళ్ళెవరూ సెప్టెంబర్ 5న పోస్టు పెట్టరు. దెబ్బలు తిని నిలబడ్డవాళ్ళనే లెక్కపెట్టి దెబ్బలకి మార్కులేస్తే ఎలా?

దెబ్బ వల్ల భయం పుడుతుందని తెలుసుకోడానికి పరిశోధన అక్కర్లేదు గానీ, ఆ భయం ఎంత దూరం పాకుతుందో 1920లో వాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, రోజలీ రేనర్ కలిసి అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో చూపించారు. ఆల్బర్ట్ అని వాళ్ళు పిలిచిన పదకొండు నెలల పసివాడు తెల్ల ఎలుకతో ఆడుకోబోతుంటే, వెనక నుంచి ఇనప కడ్డీ మీద సుత్తితో ఢాంమని కొట్టారు. అలా కొన్నిసార్లు. తర్వాత చప్పుడు లేకపోయినా ఎలుకని చూస్తే ఏడ్చాడు. ఆ తర్వాత కుందేలుని చూసినా, కుక్కని చూసినా, బొచ్చు కోటు చూసినా. ఆ భయం పోగొట్టకుండానే పిల్లాణ్ణి పంపించేశారు. చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. ఈరోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు.

నాలుగేళ్ళకి, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ దీనికి తిరుగుదారి ప్రచురించింది. మూడేళ్ళు నిండని పీటర్ అనే పిల్లాడికి కుందేలంటే హడలు. వాడు ఇష్టమైనది తింటూ కూర్చున్నప్పుడు పంజరంలో ఉన్న కుందేలుని గదిలో ఆ మూల పెట్టేవారు. మర్నాడు కొంచెం దగ్గరగా, తర్వాత ఇంకొంచెం. వాడు జంకితే దూరం జరిపేవారు. చివరికి వాడు ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కుందేలుని నిమిరే దాకా వచ్చింది. నా గైడులో సుత్తి దెబ్బ ఉంది, ఈ కుందేలు కథ లేదు. మొదటిది పరీక్షకి పనికొచ్చే బిట్టేమో గానీ బడికి పనికొచ్చేది రెండోదే. లెక్కలంటే హడలిపోయే పిల్లలు నా క్లాసులో ఏటా పదిమందైనా ఉంటారు. వాళ్ళకి ముందు కావాల్సింది సూత్రాలు కాదు.

థార్న్‌డైక్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 1898లో ఆయన పిల్లుల్ని చెక్క పెట్టెల్లో పెట్టి, గడియ తీసుకుని బయటికొచ్చే దాకా ఎంతసేపు పడుతుందో కొలిచాడు. బయటికి తెచ్చిన పని మళ్ళీ చేస్తాయి, తేనివి వదిలేస్తాయి. దీన్నే ఫలిత నియమం అన్నాడు. సంతృప్తినిచ్చేది బలపడుతుంది, బాధపెట్టేది బలహీనపడుతుంది అని రెండు సగాలు. మనం చదివేది ఈ రెండు సగాలూ. కానీ 1930ల మొదట్లో ఆయనే మనుషుల మీద పరీక్షించి రెండో సగాన్ని వెనక్కి తీసుకున్నాడు. "ఒప్పు" అన్నప్పుడు జవాబు ఎంత బలపడుతోందో, "తప్పు" అన్నప్పుడు అంతగా బలహీనపడటం లేదని చూశాడు. తన నియమాన్ని తనే సగానికి కోసుకున్న మనిషిని, కోసిన ముక్క కూడా కలిపి మనం ఇంకా బట్టీ పడుతున్నాం.

అసలు సంగతి స్కిన్నర్ దగ్గర ఉంది. ఆయన చెప్పినదాన్ని ఒక్క ప్రశ్నలోకి కుదిస్తే, "ఆ పని చేసిన వెంటనే ఏం జరిగింది?" అని అడగడమే. ముందు ఏం చెప్పాం, ఎంత బాగా చెప్పాం అన్నది తర్వాత. చేసిన వెంటనే మేలు జరిగితే ఆ పని మళ్ళీ చేస్తారు. ఇక్కడ మేలు రెండు రకాలు. మంచిది ఏదైనా దొరకడం ఒకటి, ఉన్న బాధ తొలగిపోవడం రెండోది. రెండోదాన్నే రుణాత్మక పునర్బలనం అంటారు. శిక్ష అనుకుని అందరూ పొరపాటు పడేది ఇక్కడే. అది శిక్ష కాదు, ఉపశమనం.

కిరాణా కొట్టు ముందు పిల్లాడు చాక్లెట్ కోసం నేల మీద దొర్లుతుంటాడు. వీధంతా చూస్తోంది. తల్లి భరించలేక కొనిచ్చేస్తుంది. ఏడుపు ఆగుతుంది. ఇక్కడ ఎవరు ఏం నేర్చుకున్నారు? దొర్లితే చాక్లెట్ వస్తుందని వాడు నేర్చుకున్నాడు. అది అందరికీ కనపడుతుంది. చాక్లెట్ ఇస్తే ఏడుపు ఆగుతుందని తల్లి కూడా నేర్చుకుంది. అది ఎవరికీ కనపడదు, ఆవిడకి కూడా. మళ్ళీసారి ఆవిడ ఇంకొంచెం తొందరగా ఇస్తుంది.

ఇప్పుడు నా అరుగు మీదికి రండి. పద్దెనిమిదిమంది పిల్లలు, ఒక ట్యూబ్‌లైటు, చుట్టూ దోమలు. మాటలు, తోపులాటలు. నాకు తల పగిలిపోతుంటుంది. స్కేలు తీసి ఒకణ్ణి ఒక్కటి వేస్తాను. సెకను తిరక్కుండానే సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. బాధ పోయింది. ఎవరి బాధ? నాది. స్కిన్నర్ తన ఎలుకల్ని పెట్టిన పెట్టెలో అవి మీట నొక్కితే తిండి గింజ పడటానికి కూడా ఇంకొంచెం ఎక్కువసేపు పడుతుంది. నా చేతికి అంత వెంటనే, అంత కచ్చితంగా, ప్రతిసారీ బహుమతి ఇచ్చిన పని నా జీవితంలో ఇంకొకటి లేదు. పిల్లలకి ఎక్కం వచ్చిందో లేదో తెలియాలంటే వారాలు పట్టేది. నాకు నిశ్శబ్దం అప్పటికప్పుడే దొరికేది. ఆ అరుగు మీద అందరికంటే త్వరగా, అందరికంటే బాగా నేర్చుకున్నది నేనే. కొట్టడం నేర్చుకున్నాను.

కొట్టే టీచర్లందరూ క్రూరులని నేను అనను. స్టాఫ్ రూమ్‌లో వాళ్ళంత మంచివాళ్ళు ఉండరు. పిల్లలకి ఫీజు కట్టినవాళ్ళు, ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టినవాళ్ళు వాళ్ళలోనే ఉన్నారు. వాళ్ళని నడిపేది క్రూరత్వం కాదు, ఆ సెకను నిశ్శబ్దం. అందుకే హితబోధలు, సర్క్యులర్లు వాళ్ళ మీద పెద్దగా పనిచేయవు. మీట నొక్కితే గింజ పడుతున్నంతకాలం ఎలుకకి ఎన్ని సర్క్యులర్లు పంపినా ఒకటే.

మరి పిల్లలు? స్కిన్నర్ 1938లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. మీట నొక్కితే తిండి వస్తుందని ఎలుకలు అప్పటికే నేర్చుకున్నాయి. తర్వాత తిండి ఆపేశాడు. కొన్ని ఎలుకలకి మాత్రం మొదట్లో మీట నొక్కినప్పుడల్లా కాలి మీద చిన్న దెబ్బ పడేలా చేశాడు. అవి వెంటనే నొక్కడం తగ్గించాయి. ఇక్కడితో ఆపితే దండం దశగుణం భవేత్ అని మనం చప్పట్లు కొట్టొచ్చు. కానీ దెబ్బ ఆగాక అవి మళ్ళీ మొదలుపెట్టాయి. రెండో రోజు ముగిసేసరికి మొత్తం లెక్క చూస్తే దెబ్బ తిన్నవీ తిననివీ దాదాపు సమానంగానే నొక్కాయి. అలవాటు పోలేదు, కాసేపు దాక్కుంది. నేను నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళినప్పుడు అరుగు మీద ఏం జరిగేదో ఇప్పుడు అర్థమవుతోంది.

శిక్ష అసలు పనిచేయదని కూడా నేను అనను, అది అబద్ధమవుతుంది. తర్వాతి పరిశోధకులు ఇంకా గట్టి శిక్షలతో చూశారు. తప్పు చేసిన తక్షణమే, ప్రతిసారీ, బాగా నొప్పెట్టేలా పడితే పని నిజంగానే ఆగుతుంది. వేడి పెనం ముట్టుకుంటే చాలు, రెండో పాఠం అక్కర్లేదు. కానీ బడిలో అలా కుదరదు, కుదరకూడదు కూడా. అయిదుసార్లు అల్లరి చేస్తే ఒకసారి దొరుకుతాడు. మిగతా నాలుగుసార్లు వెనక బెంచీ కిసుక్కుమని నవ్వుతుంది. ఆ నవ్వే వాడి గింజ. పైగా అప్పుడప్పుడు మాత్రమే, ఎప్పుడో తెలియకుండా దొరికే గింజకి అలవాటుపడ్డ పని మానడం చాలా కష్టమని స్కిన్నరే చూపించాడు. దీని మొదలు కూడా సరదాగా ఉంటుంది. ఒక శనివారం సాయంత్రం ఎలుకల తిండి గుళికలు నిండుకోబోతున్నాయని చూసుకున్నాడు. అప్పట్లో ఆ గుళికలు తనే తయారుచేసుకోవాలి. మళ్ళీ కూర్చుని చేసే ఓపిక లేక, ప్రతి నొక్కుకీ ఇవ్వకుండా నిమిషానికి ఒకటి ఇస్తే ఏమవుతుందని చూశాడు. ఎలుకలు మానలేదు. ఒక శాస్త్రంలో ముఖ్యమైన అధ్యాయం బద్ధకంలోంచి పుట్టిందంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

కానీ నిశ్శబ్దం ఒక్కటే అయితే నాలాంటిదానికి ఎప్పుడో ఒకప్పుడు అనుమానం వచ్చేది. కొట్టిన మర్నాడు మార్కులు కూడా నిజంగానే పెరిగేవి. అది నా కళ్ళతో చూశాను. ఆ నమ్మకాన్ని వదిలించుకోడానికి నాకు స్కిన్నర్ చాలలేదు.

డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకి పాఠం చెబుతున్నాడు. శిక్షకంటే మెప్పు బాగా పనిచేస్తుందని ఆయన అంటే ఒక శిక్షకుడు లేచి ఒప్పుకోనన్నాడు. విన్యాసం బాగా చేసినవాణ్ణి మెచ్చుకుంటే మర్నాడు అధ్వాన్నంగా చేస్తాడు, చెత్తగా చేసినవాణ్ణి తిడితే మర్నాడు బాగుపడతాడు, ఇది నా అనుభవం అన్నాడు. అతను చూసింది నిజమే, కారణం మాత్రం తప్పు అని కానెమన్‌కి అక్కడే వెలిగింది.

నా ట్యూషన్ లెక్కల్లో చెప్తాను. మామూలుగా పదికి ఆరు తెచ్చుకునే పిల్లాడు ఉన్నాడనుకోండి. ఒకరోజు జ్వరం తగిలో, ముందురోజు రాత్రి కరెంటు పోయో, తెలియని ప్రశ్నలే పడో, రెండు వస్తాయి. నేను కొడతాను. మర్నాడు జ్వరం తగ్గుతుంది, కరెంటు ఉంటుంది, వాడి మామూలు ఆరో అయిదో వాడికి వస్తాయి. "చూశావా, ఒక్కటి పడితే గానీ దారికి రాలేదు" అంటాను. అదే పిల్లాడికి ఇంకోరోజు అదృష్టం కలిసొచ్చి తొమ్మిది వస్తాయి. "శభాష్" అంటాను. మర్నాడు మళ్ళీ ఆరు. "పొగిడితే నెత్తికెక్కింది" అంటాను. నేను ఏమీ అనకుండా గోడకి ఆనుకుని కూర్చున్నా ఈ అంకెలన్నీ ఇలాగే వచ్చేవి. మరీ తక్కువ తర్వాత మామూలు, మరీ ఎక్కువ తర్వాత కూడా మామూలే. కాకి వాలింది, తాటిపండు పడింది. మనం కాకికి సన్మానం చేశాం.

దీని గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ఘోరమైన రోజునే కొడతాం, గొప్ప రోజునే పొగుడుతాం కాబట్టి, దెబ్బ ఎప్పుడూ గెలిచినట్టూ పొగడ్త ఎప్పుడూ ఓడినట్టూ కనిపించడం తప్పదు. ఇరవయ్యేళ్ళు పాఠం చెప్పినవారికి ఇరవయ్యేళ్ళ సాక్ష్యం పోగుపడుతుంది, అదీ వాళ్ళ కళ్ళముందే. "అనుభవంతో చెప్తున్నానమ్మా" అని సీనియర్లు అన్నప్పుడు వాళ్ళు అబద్ధమాడటం లేదు. పిల్లల్ని ఎదుట పొగిడితే ఆయుక్షీణం అన్న మాట కూడా ఇలాంటి అనుభవంలోంచే పుట్టిందేమో అని నా అనుమానం. అనుమానం మాత్రమే.

సరే, దెబ్బ వద్దు, బహుమతి పెడదాం అని నేనూ దూకాను. సర్కారు బడిలో చేరిన కొత్తలో నోటు పుస్తకాల మీద నక్షత్రాలు అంటించేదాన్ని, పది నక్షత్రాలకి ఒక పెన్ను. రెండు నెలలు క్లాసు కళకళలాడింది. తర్వాత గమనిస్తే, పిల్లలు అధ్యాయంలో అన్నిటికంటే తేలిక లెక్కలు వెతుక్కుని చేస్తున్నారు. కష్టమైనది ఇస్తే "దీనికెన్ని స్టార్లు మేడమ్?" అంటున్నారు. నక్షత్రాలు ఆపగానే అంతకుముందు ఊరికే చేసేవాళ్ళు కూడా మానేశారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అమెరికాలో చిన్నపిల్లల బడిలో చూసిందీ ఇదే. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లలకి "గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ళ తర్వాత ఊరికే వదిలేస్తే, వాళ్ళు గీసిన సమయం మిగతా పిల్లలతో పోలిస్తే సుమారు సగం. ఆటని కూలిపనిగా మార్చేశారన్నమాట, నాలాగే.

అంతకంటే ముందే, 1930లో, టోల్మన్, హోంజిక్ ఎలుకల్ని చిక్కుదారుల్లో వదిలారు. ఒక గుంపుకి పది రోజులు దారి చివర ఏ తిండీ పెట్టలేదు. అవి ఊరికే తిరిగాయి, ఏమీ నేర్చుకోనట్టే కనపడ్డాయి. పదకొండో రోజు దారి చివర తిండి పెట్టారు. మర్నాటికల్లా మొదటినుంచీ తిండి తిన్నవాటితో సమానంగా దారి పట్టాయి. అంటే ఆ పది రోజులూ లోపల ఏదో పోగవుతూనే ఉంది. చదువు గింజలతోనే నడుస్తుందని అనుకుంటే ఈ ఎలుకలకి ఏం సమాధానం చెప్తాం? స్కిన్నర్ ప్రశ్న నాకు ఇప్పటికీ ఉపయోగపడుతుంది, కానీ పిల్లల్ని పూర్తిగా ఆయన పెట్టెలో కూర్చోబెట్టలేను.

నాకు ఎక్కువ బాధ కలిగించే ప్రయోగం 1967లో సెలిగ్మన్, మేయర్ కుక్కల మీద చేసినది. కొన్ని కుక్కలకి, ఏం చేసినా ఆగని కరెంటు షాకులు ఇచ్చారు. తర్వాత చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకోగలిగే పెట్టెలో పెట్టారు. చాలా కుక్కలు దూకలేదు, అక్కడే మూలుగుతూ పడుకున్నాయి. మన బడుల్లో ఒకడు అల్లరి చేస్తే వరసంతా కొట్టే ఆచారం ఉంది. చదివినా పడుతుంది, చదవకపోయినా పడుతుంది. "నాకు లెక్కలు రావు మేడమ్" అని ఏడో తరగతి పిల్ల ఏ ఏడుపూ లేకుండా, తన ఊరు పేరు చెప్పినంత మామూలుగా చెప్పినప్పుడు నాకు ఆ పెట్టె గుర్తొస్తుంది. దాదాపు యాభై ఏళ్ళకి, 2016లో, వాళ్ళిద్దరే తమ మాట సవరించుకున్నారు. చేతులెత్తేయడం నేర్చుకున్నది కాదట, ఆగని బాధకి ఒంటి సహజ స్పందన అదేనట. నేర్చుకోవాల్సింది "నేను చేస్తే తేడా వస్తుంది" అన్నదట. అయితే దాన్ని కూడా ఎవరో ఒకరు నేర్పాలి, చిన్న చిన్న ముక్కల్లో.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కర్ర చాలా చోట్ల మూలకి చేరింది, నిజమే. దాని చోట్లోకి "మొద్దు", "మీ అయ్యలాగా గేదెలు కాసుకో" వచ్చాయి. అవీ ఆ సెక్షన్ కిందికే వస్తాయని చాలామందికి పట్టదు. ఇంకోపక్క తల్లిదండ్రులు వచ్చి, "కళ్ళు రెండూ మాకొదిలెయ్యండి మేడమ్, మిగతా ఒళ్ళంతా మీ ఇష్టం" అంటారు. వరండాలో నడిచే పెద్దవాళ్ళెవరైనా నిశ్శబ్దంగా ఉన్న క్లాసుని చూసి తలాడిస్తారు, గోలగా ఉంటే గుమ్మంలో ఆగుతారు. టీచరు చేసే ప్రతి పని వెంటా ఏం జరుగుతోందో చూడండి. నిశ్శబ్దానికి మెప్పు, గోలకి చూపు. ఇన్ని గింజలు పడుతుంటే మీట వదలడం తేలిక కాదు. నేను వదిలాక కూడా గొంతు లేస్తూనే ఉంటుంది, వారానికి రెండుసార్లైనా.

ఎక్కాలకి ఇప్పుడు నేను చేసేది పెద్దదేమీ కాదు. చూసి చదవడం తగ్గించి, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం పెంచాను. మార్కులు ఉండవు, తప్పైతే పక్కన సరైనది రాసుకుని ముందుకెళ్ళడమే. 2006లో రోడిగర్, కార్పికే చేసిన పరిశోధనలో మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకి అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, మూసి గుర్తుచేసుకున్నవాళ్ళది పైచేయి అయింది. కానీ పుస్తకం మూస్తే తప్పులు వస్తాయి. తప్పుకి దెబ్బ పడే చోట ఎవరూ పుస్తకం మూయరు. మా క్లాసులో ఇప్పుడు గోల ఎక్కువ, తప్పులూ ఎక్కువే.

మొన్న జూన్‌లో మొబైల్ షాపతను ఫోన్ చేశాడు. కొడుకు మూడో తరగతట, ఎక్కాలంటే జ్వరం తెచ్చుకుంటున్నాడట. "మీ దగ్గర కూర్చోబెడతాను అక్కా. రెండు తగిలించినా ఏమనుకోను" అన్నాడు. తగిలించనని చెప్పాను. నమ్మినట్టు లేడు.

సాయంత్రం బండి మీద తెచ్చి దింపాడు. పిల్లాడు అరుగు ఎక్కకుండా మెట్టు మీద, చెప్పుల పక్కన కూర్చున్నాడు. రెండు చేతులూ చొక్కా కింద దాచుకున్నాడు. దగ్గరికి రమ్మనలేదు. జంతికలు పెట్టిన గిన్నె మెట్టు మీదే పెట్టాను. ఏ ఎక్కం బాగా వచ్చని అడిగితే కాసేపాగి రెండోదన్నాడు. చెప్పమన్నాను. రెండు పదులు ఇరవై దాకా నేల చూస్తూ గబగబా చెప్పేశాడు. చెప్పాక తల ఎత్తి, "మూడోది కూడా చెప్పాలా?" అన్నాడు.

"ఇవాళ్టికి వద్దులే" అన్నాను. జంతికలు తిన్నాడు. వాళ్ళ నాన్న వచ్చేసరికి ఇంకో అరగంట పట్టింది, ఈలోపు అరుగు మీదికి వచ్చి పిల్లితో ఆడుకున్నాడు.